చెఱువు మడ్డియు నీటిమొక్కలును



చెఱువుగట్టుపై నిలిచి చూచువారికి కనబడునది పైనీరు మాత్రమే. ఆ నీరు ఏటేట వచ్చుచుండును, పోవుచుండును. వాన కురిసిన నిండును. తూము తీసిన తగ్గును. అడుగుననున్న మడ్డి యట్లు పోవునది కాదు. ఊరిమురుగునుండియు, పొలములనుండియు, కర్మాగారములనుండియు వచ్చిన మలినములో బరువైన భాగమంతయు అచ్చటనే దిగబడి యుండును. షావుకారు చిట్టాలోని బాకీవలె, మనము మఱచినంతమాత్రమున అది చెరిగిపోదు. ఈ బాకీని తీర్చుటకు నీటిమొక్కలు తోడ్పడునని డెబ్బదియేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ మాట యెట్లు పుట్టినది, అందెంత నిజమున్నది, మన చెఱువులకది యెంతవఱకు పనికివచ్చును అనునదియే నేటి నా ప్రసంగవిషయము.

ముందుగా మన పూర్వుల మాట. కడపజిల్లా పోరుమామిళ్ళ చెఱువుకడ క్రీ. శ. 1369 నాటి సంస్కృతశాసన మొకటి కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, రాతిపనికి నూఱు బండ్లును, రెండేండ్లపాటు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు కావలసిన అంగములు పండ్రెండనియు, చెఱువునకు కలుగు దోషములు ఆఱనియు అందు వివరింపబడినవి. కట్టనుండి నీరు ఊటగా కారుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మెట్టయుండుట, నీరు తక్కువై నేల యెక్కువగుట, నేల తక్కువై నీరెక్కువగుట - ఇవి ఆ యాఱు దోషములు. ఈ పట్టికను శ్రద్ధగా చూచినచో ఒక విశేషము గోచరించును. నీరు మురికియగుట ఇందులో దోషముగ పేర్కొనబడలేదు. ఆ శాసనమును వ్రాయించినవారు కట్టకు, భూమికి, నీటిరాకకు భయపడిరి గాని, చెఱువు విషమగునని భయపడవలసిన పని వారికి కలుగలేదు.

ఏల కలుగలేదు? ఆనాడు చెఱువులోనికి మలినము రాకపోలేదు. పశువుల పేడ, ఆకుఅలము, పొలములనుండి కొట్టుకొనివచ్చు సారవంతమైన మట్టి వచ్చుచునే యుండెను. అయితే వచ్చినది నిలువయుండెడిది కాదు. ఎండకాలమున నీరింకగానే రైతులు బండ్లు కట్టి, ఒండ్రుమట్టిని త్రవ్వి తమ చేలకు తోలుకొనెడివారు. తుంగను కోసి చాపలల్లెడివారు. జమ్మును, రెల్లును ఇండ్లకప్పులకు తెచ్చుకొనెడివారు. తామరాకులు విస్తళ్ళయ్యెడివి. చెఱువున చేరిన సారము ఏదో యొక రూపమున మరల గట్టు దాటి పోవుచుండెను. ఇందుకై ఏర్పాట్లును కలవు. చెఱువును కట్టించినవారికిని, మరమ్మతు చేయించినవారికిని దశబంధమను పేర మాన్యములొసగెడివారు. పూడిక తీయు బండ్ల పోషణకై భూములిచ్చిన శాసనములు కన్నడదేశమున కలవు. చెఱువును త్రవ్వుటతో పని తీరదనియు, దాని యడుగును తోడుచుండుటకు బండియు, ఎద్దులును, వానికి గ్రాసమును శాశ్వతముగ నుండవలెననియు వారెఱుగుదురు.

నీటిని శుభ్రపఱచుటకు మొక్కలను వాడుటయు మనకు క్రొత్తది కాదు. క్రీ. శ. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో, నూతినీటి దోషము పోవుటకు తుంగముస్తలు, వట్టివేళ్ళు, ఉసిరిక, చిల్లగింజ మున్నగువాని చూర్ణమును వేయుమని చెప్పెను. మన ఇండ్లలో చిల్లగింజను అరగదీసి బిందెలోని నీటిని తేర్చుట పెద్దలలో పలువు రెఱిగినదే. అయితే ఇవి త్రాగునీటిని తేర్చు ఉపాయములు. చెఱువడుగున పేరుకొనిన మలినమును తీయు పని వేఱు. ఆ పనికి బ్రతికియున్న మొక్క కావలెను.

కాలము మారినది. పట్టణములు పెరిగి, వాని మురుగంతయు కాలువలవెంట చెఱువులకు చేరసాగెను. రసాయనపుటెరువులు అంగడిలో దొరకుటతో ఒండ్రుకై బండి కట్టు రైతులును తగ్గిరి. లోనికి వచ్చునది పెరిగినది. బయటికి పోవునది తగ్గినది. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నిర్మింపబడిన హుస్సేన్‌సాగరము ఒకప్పుడు త్రాగునీటిచెఱువు. తరువాత నగరపు మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును చేరి, దాని యడుగుమడ్డిలో బరువులోహములు పేరుకొనినట్లు పరీక్షలు తెలిపినవి.

మురుగు రాకుండ ఆపినచో చెఱువు తనంత తానే బాగుపడునని చాలకాలము లోకము నమ్మెను. ఆ నమ్మకమును సడలించినది స్వీడను దేశమునందలి ట్రుమ్మెన్ అను చిన్న సరస్సు. అది వేక్ష్యో పట్టణము ప్రక్కన చదరపు కిలోమీటరు పరిమితిలో నున్నది. పట్టణపు మురుగు దశాబ్దములపాటు అందు చేరుచుండెను. 1958 నాటికి ఆ మురుగును మఱియొక దారికి త్రిప్పిరి. అయినను పదియేండ్లు గడచినను నీరు తేరలేదు; పచ్చని పాచి తగ్గలేదు. కారణమును వెదకగా మడ్డిలో దాగిన భాస్వరము కొంచెము కొంచెముగ మరల నీటిలోనికి ఊరుచున్నదని తేలెను. 1970లో అర మీటరు, 1971లో అర మీటరు మందమున ఆ మడ్డిని పీల్చి తీసివేసిరి. పిమ్మట నీరు తేటపడెను. తీసిన మడ్డిని ఎండబెట్టి తోటలకు ఎరువుగ వాడిరి. మన రైతులు బండ్లతో చేసిన పనినే వారు యంత్రములతో చేసిరని చెప్పవచ్చును.

యంత్రములతో తోడుటకు ధనము విశేషముగ కావలెను. తోడునప్పుడు మడ్డి కలగి విషము నీటిలో కలియు భయమును కలదు. మొక్కలచేత ఈ పనిని చేయింపరాదా యను ప్రశ్న ఇట్లు పుట్టినది. దీనికి ఆధారము అప్పటికే జర్మనీ దేశమున దొరకియుండెను. అచ్చటి ప్లేన్ పట్టణపు పరిశోధనాలయమున కేటె జైడెల్ అను విదుషి 1952 ప్రాంతమున మన తుంగజాతికి చెందిన యొక మొక్కను మురుగునీట పెంచి చూడనారంభించెను. అంత మురికిలో మొక్క బ్రతుకదని తోడి శాస్త్రజ్ఞులు పలువురు ఆక్షేపించిరి. మొక్క బ్రతికెను, నీరును తేరెను. నేడు దేశదేశములందు ఱెల్లుమళ్ళు, తుంగమళ్ళు కట్టి మురుగును శుభ్రపఱచు పద్ధతికి ఆమె చేసిన పరీక్షలే మొదలు.

మొక్క ఈ పనిని ఎట్లు చేయుచున్నది? తామరతూడును విఱిచి చూచినవారికి అందలి బోలుగొట్టములు తెలియును. అవి అందమునకు పుట్టినవి కావు. చెఱువడుగు మడ్డిలో ప్రాణవాయువుండదు. ఆకు పైనుండి పీల్చిన గాలి ఆ గొట్టములగుండ దిగి వేళ్ళకు చేరును. వేళ్ళనుండి కొంత గాలి చుట్టునున్న బురదలోనికి చిమ్మును. నీరు నిలిచిన మడిలో వరిదుబ్బును పెఱికినప్పుడు వేళ్ళపై త్రుప్పువంటి ఎఱ్ఱనిపూత మీరు చూచియేయుందురు. అది నిజముగ త్రుప్పే. బురదలోని యినుము ఆ గాలి తగిలి త్రుప్పగును. ఆ త్రుప్పు భాస్వరమును, పాషాణమువంటి కొన్ని విషములను పట్టియుంచును. వేళ్ళనంటి కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండి, కుళ్ళుపదార్థములను తిని విడగొట్టును. కావున మురికిని తీయునది మొక్క యొక్కటియే కాదు. మొక్క ఇల్లు కట్టియిచ్చును, అందు కాపురముండు సూక్ష్మజీవులు పెక్కు పని చేయును.

ఇచ్చట మిక్కిలి జాగ్రత్తగా గుర్తింపవలసిన విషయమొకటి యున్నది. మలినములన్నిటికిని గతి యొక్కటి కాదు. నత్రజనిలో కొంతభాగమును సూక్ష్మజీవులు వాయువుగ మార్చి ఆకాశమునకు పంపివేయును. ఆ బాకీ కొంత తీరినట్లే. భాస్వరమట్లు వాయువై పోదు. సీసము, కాడ్మియము, క్రోమియము మున్నగు లోహములును పోవు. అవి మడ్డినుండి వేరులోనికి, కొంతవఱకు కాండమునకు, ఆకునకు ఎక్కును. అంతియే. ఆ మొక్క చెఱువులోనే వాడి, కుళ్ళి, అడుగునకు దిగెనేని, ఎక్కినదంతయు మరల మడ్డిలోనే చేరును. పైగా కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు తఱిగి చేపలు చచ్చును. మొక్క నాటుట పనిలో సగము. కోసి గట్టు దాటించుట మిగిలిన సగము. రెండవ సగమును మఱచిన చోటులందెల్ల మొదటి సగము వ్యర్థమైనది.

గుఱ్ఱపుడెక్క చరిత్రయే ఇందులకు సాక్ష్యము. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ మొక్కను దాని నీలిపూవుల యందమునకు మురిసి పెంచిరి. అది వంగదేశపు నదులను, చెఱువులను కప్పివేయగా, దానిని తీసివేయుటకు 1936లో అచ్చటి ప్రభుత్వము ప్రత్యేకముగ చట్టమునే చేయవలసివచ్చెను. 1970 తరువాత అమెరికా అంతరిక్షసంస్థకు చెందిన వుల్వర్టన్ అను శాస్త్రజ్ఞుడు మిసిసిపీ రాష్ట్రమున ఇదే మొక్కను మురుగుకుంటలలో పెంచి, అది మలినమును వడివడిగ పీల్చుకొనునని నిరూపించెను. పీల్చునది నిజమే, అయితే ఆ కుంటలు హద్దులు కలవి, మొక్కను ఎప్పటికప్పుడు తీయుటకు వీలయినవి. మన చెఱువులలో నట్లుండదు.

ఒక లెక్క చెప్పెదను. పచ్చి గుఱ్ఱపుడెక్క నూఱు కిలోలలో తొంబది కిలోలకు పైగా నీరే. మిగిలిన యెండుభాగములో భాస్వరము నూటికి అర పాలు కూడ సాధారణముగ నుండదు. అనగా నూఱు కిలోల డెక్కను చెమటోడ్చి ఒడ్డునకు లాగినచో బయటపడు భాస్వరము ఇరువది, ముప్పది గ్రాములు. ఒక్క మనిషి మురుగునీటి ద్వారా రెండుమూడు వారములలో పంపు భాస్వరమించుమించుగ అంతియే. వేలమంది మురుగు చెఱువులో దినదినము పడుచుండగా మొక్కలు నాటి శుభ్రము చేయుదుమనుట, పగిలిన తూమును మూయక ఏతముతో చెఱువు నింపుదుమనుట వంటిది.

మనదేశముననే ఈ సంగతిని చక్కగ గ్రహించిన జనులున్నారు. కలకత్తా నగరమునకు తూర్పున నగరపు మురుగునీటితో చేపలను పెంచు చెఱువులున్నవి, వానిని భేరీలందురు. మురుగును పలుచని నీటిలో నిలిపి ఎండ తగులనిత్తురు. సూక్ష్మజీవులు మురుగును విడగొట్టును. సన్నని పాచి పెరుగును. దానిని చేపలు తినును. చేపలు బజారునకు పోవును. గట్టులవెంబడి గుఱ్ఱపుడెక్కను వెడల్పుగ నొక పట్టీవలె కట్టియుంచుదురు. అది అలలనుండి గట్టును కాపాడును. కొంత లోహమును పట్టును. ఎండకు చేపలకు నీడయగును. హద్దు దాటినదానిని తీసివేయుదురు. ధ్రువజ్యోతి ఘోష్ అను ఇంజనీరు 1980 తరువాత ఈ జాలరుల విద్యను పరిశీలించి లోకమునకు తెలియజేసెను. సుమారు 12,500 హెక్టారుల ఆ ప్రదేశము 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగ గుర్తింపబడినది. అచ్చట ఒకే మొక్క, వంగదేశమును పీడించిన గుఱ్ఱపుడెక్కయే, పనివాడైనది. తేడా మొక్కలో లేదు. దానిని అదుపుననుంచు చేతులలో నున్నది.

తెలుగుదేశమునందును ఇట్టి ప్రయత్నములు జరిగినవి. హైదరాబాదు శివారునందలి నెక్నాంపూర్ చెఱువులో 2018లో సుమారు మూడువేల చదరపుటడుగుల తేలుతెప్పను కట్టి, దానిపై వట్టివేరు, జమ్ము, మెట్టతామర మున్నగు మొక్కలను నాటిరి. వెదుళ్ళు, గోనెసంచులు, కంకర మొదలగువానితో నిర్మించిన ఆ తెప్పనుండి వేళ్ళు నీటిలోనికి వ్రేలాడును. ఈ యుపాయము మంచిదే. కాని ఇట్టి తెప్పల మొక్కలు శుభ్రపఱచునది పైనీటిని. వాని వేళ్ళు లోతునీటిలో మడ్డిని తాకవు. మడ్డిలోని మలినమును తాకవలెనన్నచో తుంగ, కిక్కిస, జమ్మువలె అడుగున వేళ్ళూనునవి కావలెను. నీటిలోనే మునిగి పెరుగు జాతులు ఇంకొక మేలు చేయును: మడ్డిని పట్టియుంచి గాలికి, చేపలకు కలగకుండ కాపాడును. అయితే వానికి వెలుగు కావలెను. నీరు కొంత తేటపడినగాని అవి బ్రతుకవు. ఏ పనికే మొక్కయో తెలిసికొనక నాటించుట ధనవ్యయమునకే దారితీయును.

ఇంకొక మాట నిష్ఠురమైనను చెప్పక తప్పదు. అన్ని విషములకు మొక్క మందు కాదు. మెదకుసీమ పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో 1970 తరువాత కర్మాగారములు హెచ్చి, చుట్టుప్రక్కల గ్రామముల చెఱువులును, వాగులును చెడిపోయినవి. 1990లో ఆ వివాదము సుప్రీంకోర్టునకెక్కెను. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు అచ్చటి వ్యర్థజలశుద్ధికేంద్రమునుండి వెడలు నీటిని పరీక్షించి, అందొక ఔషధము, చికిత్స పొందు రోగి రక్తములోనుండు పరిమాణమును మించియున్నదని ప్రకటించిరి. పిమ్మట దగ్గఱి చెఱువులయందును ఆ ఔషధము కనబడినది. ఇట్టి చెఱువున తుంగ నాటి, శుద్ధి చేసితిమని బోర్డు కట్టుట గ్రామమును మోసగించుటయే. అచ్చట ముందు ఆగవలసినది కాలువ; తరువాత కావలసినది పరీక్ష; మొక్క చివరిది.

మడ్డిని పొలమునకు తోలు పూర్వాచారమునకును ఈ కాలమున ఒక షరతు చేర్చవలసియున్నది. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ యను పేర చెఱువుల పూడికతీత మొదలైనప్పుడు, రైతులు మరల ఒండ్రును తమ చేలకు తోలుకొనిరి. పొలముల నీరును, వాననీరును మాత్రమే చేరు చెఱువునకు ఇంతకంటె మంచి పని లేదు. కాని కర్మాగారపు నీరు చేరిన చెఱువు మడ్డి మన తాతలు తోలిన ఒండ్రు కాదు. రంగు నల్లగనుండి సారవంతముగ తోచవచ్చును. అందలి లోహము చేలోనికి, చేనినుండి గింజలోనికి పోవచ్చును. పరీక్ష చేయింపక దానిని తోలరాదు. అట్టి చెఱువున పెరిగిన తుంగను పశువులకు వేయరాదు, తామరదుంపను తినరాదు. ఊరిమురుగు మాత్రమే చేరిన చెఱువైనచో కోసిన మొక్కను పెంటలో మాగవేసి ఎరువు చేసికొనవచ్చును.

ఇక మీ గ్రామమునకు ఎవరైన వచ్చి, మీ చెఱువున మొక్కలు నాటి శుభ్రము చేయుదుమని చెప్పినచో సంతోషింపుడు. కాని నాలుగు ప్రశ్నలు వేయుడు. మురుగుకాలువ ముందు ఆగునా? మడ్డిలో నేమున్నదో పరీక్షించితిరా? నాటు మొక్క ఈ నేలదేనా, కాలువ నీరు చెఱువున దిగు పల్లపునోటికడ నాటుదురా, లేక చెఱువంతయు కప్పివేయుదురా? నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: ఏటేట దానిని ఎవరు కోయుదురు, ఎచ్చటికి చేర్తురు, వారి కూలి యెవరిత్తురు? మొదటి యేట ఉత్సవమునకు అందఱును వత్తురు. మూడవ యేట కొడవలి పట్టువాడుండవలెను.

పూడికబండికి మాన్యమిచ్చి శాసనము చెక్కించినవారికి భాస్వరమనిన తెలియదు, సూక్ష్మజీవులనిన తెలియదు. కాని చెఱువులోనికి వచ్చినది మరల వెడలవలెననియు, వెడలించువానికి బత్తెముండవలెననియు తెలియును. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన ఆఱు దోషములకు మన కాలము ఏడవదానిని చేర్చినది. దానికి విరుగుడు కొంత తుంగవేరులో నున్నది. తక్కినది మీ గ్రామపు కట్టుబాటులో నున్నది. ఆ కట్టుబాటును నిలుపగలవారు మీరే యని మనవిచేసి, సెలవు గైకొనుచున్నాను.